నీడపట్టు

కాగితం నాలుగు మడతలేసి జేబుల పెట్టుకొని
కోయిలకొండ తొవ్వల బండి మీద పోయిన.
జోనల్ ఖోఖో. వనపర్తిల. మూడు దినాలు.
తల్లిదండ్రుల సంతకం కావాలె,
వేలిముద్రైనా సరే.

చెన్నప్ప ఇంటి ముందర కూసోని
పారకు కొత్త కామ ఎక్కిస్తుండు.
బొంబాయిల పదహారేండ్లు
కేబులు కాలువలు తవ్వొచ్చిన మనిషి.
నన్ను జూసి లేచి
భుజం మీది తువ్వాలతోటి మంచం దులిపిండు.
"పీటీ సారొచ్చిండు, చాయ్ పెట్టుండ్రి."

చెప్పిన:
నీ బిడ్డ పోలు కాడ మర్లుతుంటే
సుడిగాలి దుమ్ము లేపకుండ తిరిగినట్టుంటది.
మొన్న తొమ్మిది మంది ఒకరెనుక ఒకరు తరిమిన్రు,
నాలుగు నిమిషాలు
ఒక్కరి చేతికి చిక్కలే నాగవేణి.

వింటుండు.
గాజుపెంకుతోటి కామను నున్నగ గీకుతుండు.
పొట్టు కాళ్ల మీద రాలుతుంది.
"సారూ, ఆటల చెమట పడ్తదా?"
పడ్తది, అన్న నవ్వుకుంట.
"గదే వద్దంటున్న."

"మా నాయిన చెమట దొర పొలాలకు పోయింది.
నాది ఆడ అంధేరిల, డాంబరు కింద ఉంది,
తవ్వితే ఇప్పటికీ తడి తగుల్తదేమో.
నా బిడ్డ నీడపట్టున కూసోవాలె సారూ.
ఫ్యాను కింద. కుర్చీల.
ఒళ్లు అలిసే పని మా ఇంట్ల నాతోటే ఆఖరు."

తయారుగ తెచ్చుకున్న మాటలు నా దగ్గర శానా ఉండె.
ఒంటికి మంచిదన్న.
ఆటతోటి గూడ కొలువొస్తదన్న, కోటా ఉంటదన్న.
"మన మండలంల ఎంతమందికొచ్చింది?"
వేళ్లు మడవబోయి
చెయ్యి జేబుల పెట్టుకున్న.

సవారమ్మ గిలాసలు తెచ్చింది.
"నేను గూడ ఉరికేదాన్ని సారూ,
బర్రె తాడు తెంపుకున్నప్పుడల్ల.
ఎవ్వడూ కప్పియ్యలే."
నవ్వింది. ఆయన నవ్వలే.

గడప లోపట నాగవేణి.
ఒళ్లె లెక్కల పుస్తకం, కండ్లు పుస్తకంల.
కాలి బొటనేలు మాత్రం
అలికిన నేల మీద
పోలు కాడి గీత గీస్తుంది, చెరుపుతుంది,
మళ్ల గీస్తుంది.

అప్పుడడిగిండు చెన్నప్ప, ఊరికెనే:
"మీ పిలగాడు ఏమాడుతడు సారూ?"

చాయ్ నాలుక మీద చుర్రుమంది.

మా ఉదయ్ హైదరాబాదుల
నాలుగంతస్తుల కాలేజీల ఉన్నడు.
ఆడ మైదానం లేదు.
ఫీజు కట్టేటప్పుడు నేను అడగనన్నా అడగలే.
పొద్దుగాల ఆరింటికెల్లి రాత్రి పది దాక కుర్చీ.
పోయిన ఆదివారం నన్ను జూసి
మెట్లెక్కి వచ్చి ఆయాసపడ్డడు,
పదిహేడేండ్లోడు.
బాగ సదువుతుండని వార్డెను చెప్తే
నా ఛాతీ పొంగింది. పొంగలేదని ఎట్లంట?
మెడల విజిలేసుకొని ఇరవై రెండేండ్ల సంది
ఒకల పిల్లలను ఎండల ఉరికిస్తున్న,
నా కొడుకును నీడల కూసోబెట్టెతందుకు.

"సదువుకుంటుండు" అన్న.
"అగో" అన్నడు చెన్నప్ప.
ఎక్కిరింపు లేదు ఆ మాటల.
ఒక తండ్రి జరిగి
ఇంకో తండ్రికి మంచం మీద జాగిచ్చినట్టే అన్నడు.

ఇద్దరం కొద్దిసేపు కామను జూసుకుంట కూసున్నం.
మంచి తుమ్మకట్టె. ఎన్నేండ్లయినా ఇరగదు.

కాగితం మడత ఇప్పకుండనే
నులక సందుల పెట్టి లేచిన.
సంతకం మాట నేనెత్తలే, ఆయనెత్తలే.

బండి కిక్కు కొడుతుంటే ఎనుక నుంచి పిలిచిండు:
"సారూ, ఆ వనపర్తి గ్రౌండుకు
చెట్లున్నయా?"

ఉన్నయి, అన్న.

ఆడికి ఇరవై సార్లు పోయిన.
గడియారం జూసిన, గీతలు జూసిన, పిల్లల కాళ్లు జూసిన.
చెట్లు మాత్రం
ఎన్నడూ చూడలే.